రేవు దాకా నడిచిన సర్వీసు

కొత్త ఆటలో వాన కురిస్తే మనిషి జుట్టు తడిసేది. పాత ఆటలో వానంటే తెర మీద ఏటవాలుగా పడే తెల్ల గీతలు, అంతే. కొత్త ఆటలో గుర్రం వంగి నీళ్లు తాగేది, చెట్ల ఆకులు గాలికి కదిలేవి, మనుషులకు మొహాలుండేవి. పాత ఆటలో అందరిదీ ఒకటే మొహం, అదీ సరిగ్గా కనిపించదు. రెండిట్లో ఏది బాగుందని అడిగితే కళ్లున్న వాళ్లెవరైనా కొత్తదే అంటారు. నేనూ అదే అంటాను. అయినా ఇన్నేళ్ల తర్వాత పాతదానిలోని దారి మలుపు మలుపుతో సహా గుర్తుంది. కొత్తదానిలో ఒక్క వీధి గుర్తు లేదు. ఇదెందుకో నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

రెండూ ఇంటర్నెట్ మీద ఆడే ఆటలే. ఎక్కడెక్కడి దేశాల వాళ్లో ఒకే రాజ్యంలోకి వచ్చి చేరతారు. ఒక్కొక్కరికి ఒక్కో మనిషి బొమ్మ. ఆ బొమ్మగానే నడుస్తాం, కొట్లాడతాం, సరుకు అమ్ముకుంటాం, టైపు చేసి మాట్లాడుకుంటాం. చస్తే ఊరి గేటు దగ్గర మళ్లీ లేస్తాం, చేతిలో ఉన్నవన్నీ పోగొట్టుకుని.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను నాంపల్లిలో ఒక ప్రెస్సులో పెళ్లికార్డులు కంపోజ్ చేసేదాన్ని. మాది మెదక్ దగ్గర. చర్చి వాళ్ల హాస్టల్లో ఉండేదాన్ని. పొద్దున తొమ్మిది నుంచి ఎవరెవరి పెళ్లిళ్లో కొట్టీ కొట్టీ, పెళ్లికూతురి ఇంటిపేరు తప్పు పడిందని వచ్చిన మేనమామలతో వాదించీ, ఒంటిగంటకు నా తల వేడెక్కి ఉండేది. ప్రెస్సులో అందరూ మూడింటిదాకా ఉన్న విరామంలో తిని కాసేపు ఒరిగేవాళ్లు. నేను పది నిమిషాల్లో డబ్బా ఖాళీ చేసి ఆబిడ్స్ దాకా నడిచి, కళ్లద్దాల దుకాణం మీది మెట్లెక్కి ఇంటర్నెట్ కేఫ్‌లో కూర్చునేదాన్ని.

కేఫ్ నడిపే ఆవిడ లెక్కల టీచరుగా చేసి రిటైరైన మనిషి. అందరం మేడం అనేవాళ్లం. చెప్పులు మెట్ల దగ్గరే విడవాలి, గట్టిగా మాట్లాడకూడదు, కీబోర్డు మీద సమోసా తినకూడదు. ఆరు కంప్యూటర్లు, మధ్యలో ప్లైవుడ్ చెక్కలు, ఒక్కో అరకు ఒక పరదా. ఆట ఉన్నది కిటికీ పక్కదాంట్లోనే. ఆవిడ చుట్టాలెవరో డిస్కు తెచ్చి వేసి పోయారు. ఒక డిస్కుకు ఒక నంబరు, ఒక నంబరుకు ఒకటే మనిషి. కాబట్టి ఆ కేఫ్‌లో ఎవరు ఆడినా ఆ ఒక్క మనిషిగానే ఆడాలి. చాలామంది నాలుగు రోజులు ఆడి మానేశారు. చివరికి మిగిలింది మధ్యాహ్నం నేను, పొద్దున ఇంకెవరో.

ఆ ఇంకెవరో మీద నాకు ఒళ్లు మండిపోయేది. నేను వారం రోజులు అడవిలో తోడేళ్లను కొట్టి, తోళ్లు పోగేసి, వాటితో ఒక డాలు కొనాలని చూస్తుంటే, మర్నాడు వచ్చేసరికి మా మనిషి రాజ్యానికి అటు చివర ఉన్న రేవులో వట్టి చేతులతో నిలబడి ఉండేవాడు. తోళ్లు లేవు, రొట్టె లేదు. నాలుగు రోజులు వరసగా ఇదే. ఐదో రోజు మేడం మీద పడ్డాను. ఆవిడ వందపేజీల నోట్‌బుక్కుకు దారం కట్టి కిటికీ మేకుకు తగిలించింది.

"ఏం లడాయి ఉన్నా గిందుల రాస్కోండి. నా దిమాక్ తినొద్దు" అంది.

'దయచేసి మన మనిషిని రేవుకు తీసుకెళ్లకండి. తోళ్లు ఏమయ్యాయి?' అని రాశాను. మర్నాడు జవాబు ఉంది. 'నమస్తే సార్. గేటు కాడ పాసింజర్లు ఉన్నరు. తీస్కపోకుంటే ఎట్ల? తోల్లు ఆల్లకే ఇచ్చిన, పాపం కొత్తోల్లు.'

అది చదివి నాకు కోపం పోలేదు గానీ, ఈ మనిషి ఎవరో చూడాలన్న కుతూహలం పట్టుకుంది. పాసింజర్లేమిటి? మేడంను అడిగితే చెప్పింది. ఆయన సిటీ బస్సు కండక్టరు. కూతురి పదో తరగతి రిజల్టు చూసుకోవడానికి ఒకసారి వచ్చి, పక్క తెర మీద ఆట చూసి, ఆగిపోయాడు. ఒంటిగంటకు గౌలిగూడలో డ్యూటీ ఎక్కాలి. అందాకా పది నుంచి ఇక్కడే.

ఒక శనివారం ప్రెస్సులో మిషన్ ఆగిపోతే పదకొండుకే వెళ్లి ఆయన వెనక నిలబడ్డాను. నలభై దాటిన సన్నటి మనిషి. ఖాకీ చొక్కా నలగకుండా మడిచి సంచిలో పెట్టుకున్నాడు. ఒక్క వేలితో టైపు చేస్తున్నాడు.

పాత ఆటలో కొత్తగా చేరినవాళ్లు ఊరి గేటు దగ్గర చేతిలో ఒక కర్రతో పుట్టేవాళ్లు. పని, సరుకు, సంత అన్నీ రేవులో. మధ్యలో ముప్పావుగంట అడవి. మ్యాపు లేదు, బాణం గుర్తు లేదు, ఇటు వెళ్లమని చెప్పే బోర్డు లేదు. సగం మంది మొదటి రోజే తోడేళ్ల పాలై మానేసేవాళ్లు. ఈయన పదిసార్లు చచ్చి దారి తెలుసుకున్నాడు. తెలుసుకున్నాక ఊరుకోలేకపోయాడు. పదిన్నరకు గేటు దగ్గర నిలబడి 'హార్బర్, హార్బర్' అని టైపు కొట్టేవాడు. ఎనిమిది మందో పది మందో పోగయ్యాక 'రైట్ రైట్' అని బయలుదేరేవాడు. బావి దగ్గర ఒక స్టాపు, బ్రిడ్జి దగ్గర ఒక స్టాపు. స్టాపు స్టాపుకూ వెనక్కి తిరిగి మనుషులను చూసుకునేవాడు. ఏ దేశం వాళ్లో, అక్కడ టైమెంతైందో తెలియదు గానీ, వాళ్లు కూడా 'రైట్ రైట్' అని కొట్టడం నేర్చుకున్నారు.

ఆ రోజు ఒకడు వెనకపడ్డాడు. వాడి కోసం ఈయన మిగతా తొమ్మిది మందిని అడవి మధ్యలో ఆపేశాడు. నేను ఊరుకోలేకపోయాను.

"ఏందన్నా, ఒక్కడి కోసం అందరినీ ఆపుతవా? తోడేళ్లు వస్తె?"

ఆయన వెనక్కి తిరిగి, నోట్‌బుక్కులో సార్ అని రాసింది ఈ పిల్లకేనా అన్నట్టు ఎగాదిగా చూశాడు.

"ఆడు పాసింజరే గద చెల్లె."

"టికెట్ ఇచ్చినవా?"

"నా ఎంట వస్త అన్నడు. గదే టికెట్."

నేను నవ్వాను. అసలు ఎందుకీ పని అని అడిగాను. రోజంతా చేసే పనే మళ్లీ ఆటలో కూడానా అని.

"అది ఏరే, ఇది ఏరే" అన్నాడు. "ఇన్నేండ్ల సంది బస్సుల తిరుగుతున్న. ముంగట ఏమున్నదో ఒక్కనాడు సూడలే. నేను మందిని సూస్త, రోడ్డు డ్రైవర్ సూస్తడు. గీడ రెండూ నేనే సూస్తున్న."

ఆ మాట విన్నాక తోళ్ల గురించి గొడవ పడబుద్ధి కాలేదు. మధ్యాహ్నం ట్రిప్పు నేను తీసుకున్నాను. ఆయన మా మనిషిని రేవులో వదిలి వెళ్లేవాడు. ఊళ్లోకి తిరిగి రావాలనుకునే వాళ్లను నేను వెంట తెచ్చేదాన్ని. గంటలో ముప్పావు దానికే పోయేది. డాలు కొననే లేదు.

నోట్‌బుక్కు డ్యూటీ పుస్తకమైంది. 'బావి కాడ మూడు తోడేళ్లు. పొద్దుగాల వచ్చిన ఎర్ర టోపీ ఆయన మల్ల వస్తడు, జర సూస్కో.' నేను, 'చూశాను. బ్రిడ్జి విరిగింది, ఎడమ వైపు దిగి నీళ్లలోంచి వెళ్లాలి.' ఉత్తరం, దక్షిణం అన్న మాట ఆయన ఎప్పుడూ రాయలేదు. అంతా గుర్తుల మీదే. ఆ గుర్తు పోయినా మాట పోదు. ఆటవాళ్లు, అంటే ఆట నడిపే కంపెనీ వాళ్లు, ఒకసారి బావిని పూడ్చేసి అక్కడ గడ్డివాము పెట్టారు. ఆయన మాత్రం 'బావి స్టాప్' అనే కొట్టేవాడు. ఏ బావి అని ఒక పాసింజరు అడిగితే, 'ఓల్డ్ బావి' అన్నాడు. నాకు అదేమీ వింతగా అనిపించలేదు. హైదరాబాదులో సగం అడ్రసులు లేనివాటి మీదే నడుస్తాయి. మూతపడి బట్టల దుకాణమైపోయిన హోటల్ పేరు చెప్పి ఆటో ఎక్కుతాం, ఆటో ఆయన కూడా సరిగ్గా అక్కడే దించుతాడు.

ఇలా ఏడాదికి పైగా నడిచింది. అప్పుడు పాతది మూసేసి కొత్తది తెస్తున్నామని ఆటవాళ్లు చెప్పారు. నేను సంబరపడ్డాను, అబద్ధం ఎందుకు. పాత ఆట ఆఖరి రోజు నాకు కార్డుల ప్రూఫులు ఉన్నాయి. వెళ్లలేదు, పెద్దగా బాధపడనూ లేదు.

కొత్తదానిలో అదే రాజ్యం, వందేళ్ల తర్వాత. అడవి కొట్టేసి గోధుమ చేలు వేశారు. విరిగిన బ్రిడ్జి స్థానంలో రాతి వంతెన. బావి ఉన్నచోట ఫౌంటెన్. తెర మూల మ్యాపు, దాని మీద బాణం. గేటు పక్కన ఒక నీలం రాయి. దాన్ని తాకితే రెప్పపాటులో రేవులో ఉంటాం. డిస్కు అక్కర్లేదు, నంబరు అక్కర్లేదు. ఎవరి మనిషిని వాళ్లు చేసుకోవచ్చు. మేడం కొత్త కంప్యూటర్లు తెప్పించింది కాబట్టి ఏ అరలోనైనా ఆడొచ్చు. నేను పొడుగు జడ ఉన్న మనిషిని చేసుకున్నాను. గుర్రం సంపాదించాను. డాలు కొన్నాను. రెండు నెలలు నాకు ఏ లోటూ తెలియలేదు. కిటికీ దగ్గర నోట్‌బుక్కు అలాగే వేలాడుతుండేది. రాయాల్సిందేమీ లేకపోయింది.

ఒక పొద్దున, పనిమీద సుల్తాన్ బజార్ వెళ్లి వస్తూ కేఫ్‌లోకి తొంగిచూశాను. ఆయన కిటికీ దగ్గరే ఉన్నాడు. తెర మీద ఆయన మనిషి నీలం రాయి పక్కన నిలబడి ఉన్నాడు. 'హార్బర్, హార్బర్.' కొత్తవాళ్లు పుట్టడం, రాయిని తాకడం, మాయమవడం. ఒకరిద్దరు ఆయన దగ్గర ఆగారు. నేను సంతోషించేలోపు ఆయన మీద నొక్కి నొక్కి చూసి వెళ్లిపోయారు. ఆటవాళ్లు పెట్టిన బొమ్మ అనుకున్నారు, ఏమైనా అమ్ముతుందేమోనని చూశారు.

"రెండు నెలల సంది గట్లనే నిలబడ్తుండు" అంది మేడం మెల్లగా. "ఒక్కడంటే ఒక్కడు రాలే."

నాకు ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది. అది ఆయన మీదే చూపించాను.

"అన్నా, రాయి ఉన్నది గద. ముప్పావుగంట నడవమంటె ఎవడొస్తడు?"

"రాయి ఉన్నది. నేనేమన్న లేదన్ననా? దారి గూడ ఉన్నది గద." తెర మీంచి చూపు తిప్పలేదు. "ఈ నెల ఎల్లేదాంక సూస్త చెల్లె. ఒక్క పాసింజర్ దొరికినా సర్వీస్ నడుస్తది. లేకుంటే బంద్ పెడ్త. ఊకె వచ్చి కూసుంటె ఏమున్నది."

నెలాఖరుకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఆ తొమ్మిది రోజుల్లో ఆరు రోజులు మేడంను అడుగుతూనే ఉన్నాను. ఎవరూ రాలేదు. ఏడో రోజు ప్రెస్సుకు కడుపునొప్పి అని చెప్పి, ఆయన కంటే ముందే వెళ్లి మెట్ల పక్క అరలో పరదా వేసుకుని కూర్చున్నాను. మేడంకు ముందే చెప్పాను. ఆవిడ ఒప్పుకోలేదు, అలాగని వద్దనీ అనలేదు. నా చెప్పులు మాత్రం బల్ల కిందికి జరిపింది.

కొత్త మనిషిని చేశాను. చేతిలో కర్ర, తల మీద జుట్టు కూడా లేదు. గేటు దగ్గర పుట్టి, రాయి దాటి, తిన్నగా ఆయన దగ్గరికి వెళ్లి ఇంగ్లీషులో కొట్టాను, రేవుకు తీసుకెళ్తారా అని. ప్లైవుడ్ అవతల కుర్చీ కిర్రుమంది.  తర్వాత తెర మీద అక్షరాలు ఒక్కొక్కటిగా పడ్డాయి. 'వన్ పాసింజర్. నో ప్రాబ్లం. రైట్ రైట్.'

నడిచాం. రెండు నెలలు ఆ రాజ్యంలో ఉండి నేను ఆ చేలు చూడలేదు. గాలి వచ్చినప్పుడు గోధుమలు ఒక పక్కనుంచి మొదలై ఇంకో పక్కదాకా వంగేవి. మధ్యలో వాన పట్టుకుంది. నా బోడితల మీంచి నీళ్లు కారుతుంటే ఇంత పనితనంతో దీన్ని చేసినవాళ్లు, ఎవరూ చూడకుండా ఆ రాయి ఎందుకు పెట్టారా అని ఆశ్చర్యపోయాను. ఫౌంటెన్ దగ్గర 'బావి స్టాప్, ఫైవ్ మినిట్స్' అన్నాడు. ఆగాం. ఇంకాస్త వెళ్లాక 'బ్రోకెన్ బ్రిడ్జి, లెఫ్ట్' అని ఇంగ్లీషులో కొట్టాడు. తిరిగాను. రేవు కనబడేసరికి నిజంగా కాళ్లు నొప్పి పుట్టినట్టు అనిపించింది.

'టుమారో ఆల్సో?' అని అడిగాడు.

'ఎస్' అని కొట్టాను. ఆ సంతోషంలో ఇంకేమీ ఆలోచించలేదు.

మర్నాడు ప్రెస్సులో ఊపిరాడలేదు. మూఢం ముగిసి ముహూర్తాలు మొదలయ్యాయి, పదకొండు కార్డులు సాయంత్రానికి కావాలి. పొద్దున వెళ్లడం కుదరలేదు. ఒంటిగంటకు కూడా వదల్లేదు. నేను కేఫ్‌కు వెళ్లేసరికి నాలుగు. ఆయన పన్నెండుకు లేవాల్సింది, లేవలేదట. పన్నెండున్నరకూ లేవలేదట. ఒంటిగంటకు పది నిమిషాలుండగా ఖాకీ చొక్కా మెట్ల మీదే తొడుక్కుంటూ పరుగెత్తాడట. నోట్‌బుక్కు తీశాను. రెండు నెలల తర్వాత ఒక ముక్క ఉంది. 'నిన్న ఒక పాసింజర్. ఇయ్యాల వస్త అన్నరు, రాలే. పానం బాగలేదేమో.'

ఆ తర్వాత ఆయన కేఫ్‌కు రాలేదు. డ్యూటీకి ఆలస్యమై ట్రిప్పు వేరేవాళ్లకు ఇచ్చేశారని, ఆయన్ను తెల్లవారుజాము షిఫ్టులో వేశారని మేడం ఎవరినో అడిగి చెప్పింది. మధ్యాహ్నం దాకా బస్సులోనే. ఇక పొద్దుటి ఆట మాటే లేదు. ఆయన సర్వీసు నిలబెడదామని వెళ్లి, నేనే దాన్ని బంద్ చేయించాను.

ఆదివారం ప్రార్థన అయ్యాక హాస్టల్‌కు పోకుండా గౌలిగూడ వెళ్లాను. రెండు బస్సులు పోయాక ఆయన బస్సు వచ్చి ఆగింది. దిగి చాయ్ తాగుతున్నాడు. నన్ను చూసి ఇంకో చాయ్ చెప్పాడు.

"ఏం చెల్లె, ఇటొచ్చినవ్?"

చాయ్ గ్లాసు అందుకున్నాను. "అన్నా, ఆ పాసింజర్ నేనే" అన్నాను.

"ఎరుకే."

"ఎట్ల ఎరుక? మేడం చెప్పిందా?"

"మేడం ఏం చెప్పలే. విరిగిన బ్రిడ్జి కాడ లెఫ్ట్ అన్న. గాడ విరిగిన బ్రిడ్జి ఏడున్నది? మంచిగ రాతి వంతెన కట్టిన్రు. కొత్తోడైతే నిలబడి అడుగుతడు. నువ్వు సక్కగ తిరిగినవ్." నవ్వాడు. "గప్పుడే అనుకున్న, మా చెల్లె వచ్చిందని."

"తెలిసి కూడ మర్నాడు గంత సేపు ఎందుకు ఎదురుచూసినవన్నా? నేనేదో పాపమని, ఒక్క పాసింజరన్న దొరికితె నువ్వు మానకుండ వస్తవని నాటకం చేసిన. దానికోసం డ్యూటీ పోగొట్టుకుంటవా?"

నవ్వు ఆగిపోయింది. కోపం రాలేదు ఆయనకు. గ్లాసు బల్ల మీద పెట్టి, నేను చెప్పింది సరిగ్గా అర్థమైందా అని చూసుకుంటున్నట్టు నా మొహం చూశాడు.

"పాపమని వచ్చినవా?" అన్నాడు. "నేనేమో నీకు గూడ నడవబుద్ధయిందనుకున్న."

కంట్రోలర్ ఈల వేశాడు. ఆయన చాయ్ సగంలో వదిలి వెళ్లి, జనాన్ని లోపలికి జరగమంటూ ఫుట్‌బోర్డు ఎక్కాడు. నడవబుద్ధయింది అన్నా, నాకూ అయింది, అంటే చాలు. ఆ గోధుమ చేలు, ఆ వాన, ఆ రోజు నేను ఎవరి మీదా జాలితో నడవలేదన్న సంగతి నాకే అప్పుడు తెలుస్తోంది. నోటికి ఆ మాట వచ్చేసరికి బస్సు పుత్లీబౌలి మలుపు తిరిగిపోయింది.